కాకతి రుద్రమదేవి: దౌహిత్రుని కొడుకుగా గైకొన్న తల్లి

పాల్కురికి సోమనాథుని బసవపురాణమును ఇంట చదివించుకొను కుటుంబములకు బెజ్జ మహాదేవి కథ మేము కొత్తగా చెప్పవలసినది కాదు. లోకములో ఎల్లరకును తల్లి కలదు, శివునకు మాత్రము తల్లి లేకపోయెనే యని జాలిపడి, ఆ దేవునే బిడ్డగా గైకొని, నీళ్లు పోసి, పాలు పట్టి పెంచిన ముగ్ధభక్తురాలామె. బిడ్డకు అంగిటిముల్లు వచ్చినదని ఆమె పడిన ఆరాటము విన్నప్పుడు కన్నీరు పెట్టని తల్లి యుండదు. ఆమెకు భర్త యున్నాడా, బిడ్డను చేకొనుటకు ఎవరి యనుమతి పొందెను, జ్ఞాతులు సమ్మతించిరా యను విచారణకు ఆ కథ పోదు. అమ్మవ్వ యని పిలువబడుటకు ఆమె ప్రేమయే చాలెను.

మానవుల సంగతి వేరు. మన అనంతపురము మెట్టసీమలో వాన మొగము చాటుచేసిన యేడెల్ల, దిక్కులేని పిల్లలను చుట్టములు చేరదీసి సాకుట పెద్దల నాటినుండి యున్న మర్యాద. 1876-78 నాటి ధాత కరువును గూర్చి తాతలు చెప్పిన మాటలు వినిన ముసలివారికి ఇది బాగుగా తెలియును. కాని సాకుట వేరు, కొడుకుగానో కూతురుగానో గైకొని ఇంటిపేరిచ్చుట వేరు. భర్త పోయిన స్త్రీ, లేక పెండ్లియే యెరుగని స్త్రీ, ఒంటరిగా ఒక బిడ్డను దత్తు చేసికొనవచ్చునా? చేసికొన్నచో ఆ బిడ్డకు ఆస్తిలో ఏమి హక్కు? లింగధారణనాడు తల్లిదండ్రుల పేర్లు చెప్పవలసివచ్చినప్పుడు ఏ పేరు చెప్పవలెను? మఠములకు వచ్చి స్వాములను ఈ ప్రశ్న అడుగువారు నేటికిని కలరు. అడుగు గొంతులో సిగ్గును భయమును కలసియుండును. ఏడువందల యేండ్లకు పూర్వము తెలుగుదేశమును ఏలిన యొక స్త్రీ ఇదే చిక్కును ఎదుర్కొనెను. ఆమె ఇల్లు ఓరుగల్లు కోట, ఆమె ఆస్తి ఆంధ్రదేశము. చిక్కు మాత్రము మన యింటిదే.

కాకతి గణపతిదేవుడు 1199వ సంవత్సరమున రాజ్యమునకు వచ్చి అరువది యేండ్లకు పైగా ఏలెను. తెలుగు మాటాడు సీమలనెల్ల ఒక్క గొడుగు క్రిందికి తెచ్చిన కీర్తి ఆయనది. 1244లో మోటుపల్లి రేవునకు వచ్చు దూరదేశపు వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించెను. ఇంతటి రాజునకు సింహాసనమెక్కుటకు కొడుకు లేకపోయెను. కూతుళ్లు గణపాంబ, రుద్రమ. గణపాంబను ధరణికోట నేలు కోట బేతరాజునకిచ్చిరి. ఆయన గతింపగా ఆమె భర్త పేరిట బేతేశ్వరుని గుడి కట్టించి, ఆ సీమను తానే పాలించెను. యెనమదల శాసనము ఆమె కథ చెప్పుచున్నది. అక్కచెల్లెండ్రిద్దరును భర్తలు పోయిన పిమ్మట రాజ్యభారము మోసినవారే యగుట ఆ యింటి విశేషము.

రుద్రమను తండ్రి కొడుకుగా పెంచెను. పూర్వపు ధర్మశాస్త్రములలో పుత్రిక యను నొక యేర్పాటు కలదు. కొడుకులు లేని తండ్రి కూతురినే కొడుకుగా భావించి నియమించుకొనును. ఆమెకు పుట్టిన కుమారుడు తాతకు వంశోద్ధారకుడగును. గణపతిదేవుడు మనసులో నుంచుకొన్నది ఈ యేర్పాటే కావచ్చును, కాని దానిని ఆయన మరియొక మెట్టు పైకి గొనిపోయెను. కూతురికి రుద్రదేవుడను పురుషనామమిచ్చి, 1259 ప్రాంతమున తనతోపాటు రాజ్యమున కూర్చుండబెట్టెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. కొలువులో పురుషవేషముననే యుండెడిదని చెప్పుదురు. ఓరుగంటి కవియైన విద్యానాథుడు కూడ గణపతి తన కూతురిని కుమారునిగా ఎంచి ఆ పేరు పెట్టెననియే వ్రాసెను. అనగా మన కథానాయిక తానే యొక విధముగా చేసికొన్న కొడుకు. పుట్టుకతో రాని స్థానము ఒకరి సంకల్పముచేత వచ్చుననుట ఆమెకు ఎవరును బోధింపనక్కరలేదు. అది ఆమె జీవితమే.

ఆమెను నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునకిచ్చి వివాహము చేసిరి. పరిపాలనలో ఆయనకు భాగమున్నట్లు శాసనములు చెప్పవు. ఆయన ముందుగనే శివైక్యము నొందగా ఆమె విధవగా రాజ్యమేలెను. ఆమె కాలపు చివరి దినములలో మోటుపల్లి సీమను గూర్చి విని వ్రాసికొన్న వెనీసు వర్తకుడు మార్కో పోలో, ఆ దేశమును నలువది యేండ్లుగా ఒక రాణి ఏలుచున్నదనియు, భర్తపై గల ప్రేమచేత ఆమె మరల పెండ్లాడలేదనియు, న్యాయము తప్పని పాలనచేత ప్రజలకు ప్రీతిపాత్రురాలనియు తెలిపెను. ఆమెకు రాజ్యము భర్తవలన వచ్చినదని అతడు పొరపడెను. తండ్రివలన కూతురికి సింహాసనము వచ్చుట అతని యూహకు అందలేదు కాబోలు. అయినను మనకు కావలసిన మాట అతని వ్రాతలో కలదు. ఆమె ఒంటరిగా నిలిచెను, బాగుగా నిలిచెను.

ఇక మల్కాపుర శాసనము. 1261వ సంవత్సరపు ఈ శాసనమును మన పాఠకులు, ముఖ్యముగ మఠాధిపతులు, తీరికగా చదివించుకొని వినదగినది. గణపతిదేవునకు దీక్షాగురువు విశ్వేశ్వరశంభువు. గౌడదేశమునుండి వచ్చిన గోళకీమఠాచార్యుడు. ఆయన శైవసిద్ధాంతి. మన వీరశైవ సంప్రదాయమునకు చెందినవాడని కొందరు ఉత్సాహముతో వ్రాయుచుందురు గాని అది సరికాదు. ఆయన గొప్పదనమునకు అట్టి సహాయమును అక్కరలేదు. గురువునకు తండ్రి ఇచ్చిన మాట చెల్లించుచు రుద్రమదేవి కృష్ణాతీరమున మందడ గ్రామమును వెలగపూడితోను, నదీమధ్యమున గల లంకలతోను కూడ దానము చేసెను. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్న వెలగపూడియే అది.

ఆ దానపు రాబడిని మూడు భాగములుగా విభజించిరి. ఒక భాగము శివాలయమునకు, ఒక భాగము మఠమునకును విద్యార్థులకును. మూడవ భాగమును ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు కేటాయించిరి. సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని నియమము. చూలాలికి పురుడు పోయు శాలకు ఊరి రాబడిలో వంతు వ్రాసియిచ్చిన దానశాసనములు మన దేశమున ఎన్ని కలవు? శాసనమున కీర్తి గురువునకు, తండ్రికి చెందియున్నది. అయినను ఆ యేడు దానమిచ్చిన చేయి ఒక స్త్రీది, కూతుళ్లను కన్న తల్లిది. ప్రసూతిశాల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మాకు ఆ సంగతి తలపునకు వచ్చును. పసిబిడ్డ క్షేమము రాజ్యధర్మమని ఆమె భావించెననుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము వలదు.

తండ్రి చివరి దినములలోనే కష్టములు మొదలాయెను. దక్షిణమున పాండ్యులతో జరిగిన ముత్తుకూరు యుద్ధమున కాకతీయసేన ఓడెను. నెల్లూరు సీమ చేజారెను. స్త్రీకి మ్రొక్కుట నామోషీ యనుకొన్న సామంతులు తలలెత్తిరి. రేచెర్ల ప్రసాదిత్యుడు వంటి విశ్వాసపాత్రులు ఆ తిరుగుబాట్లను అణచిరి. కాకతీయ రాజ్యమును నిలిపినవాడను బిరుదు ప్రసాదిత్యునకు అందుకే వచ్చెను. పడమటనుండి దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తివచ్చెను. ఈ యుద్ధమును గూర్చి రెండు కథలు కలవు. ప్రతాపరుద్ర చరిత్రము రుద్రమ అతనిని దేవగిరి వరకు తరిమి, కోటను ముట్టడించి, కోటి బంగారు నాణెములు పుచ్చుకొన్నదని చెప్పును. దేవగిరి మంత్రియైన హేమాద్రి, తన ప్రభువు తెలింగదేశపు ఏనుగులను గైకొని, స్త్రీ యగుటచేత రుద్రమను విడిచిపెట్టెనని వ్రాసెను. ఎవరి కొలువులోని వారు తమ రాజును గెలిపించుకొనుట లోకసహజము. బీదరు కోటలో రుద్రమ సామంతుడైన సింద భైరవుని శాసనము దొరకుటచేత, పోరు ముగిసిన పిమ్మట ఆమె సేన పడమటి సరిహద్దు దాటి నిలిచెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. స్త్రీ యని దయతలచి విడిచిపెట్టబడిన రాణి సేనలు శత్రువు కోటలో కనబడవుగదా.

ఇట్లు రాజ్యము నిలుపుకొన్నదిగాని, ఆమెకు తండ్రికి వచ్చిన చింతయే వచ్చెను. ఆమెకును కొడుకులు లేరు. కూతుళ్లు ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ యని ముగ్గురు. ముమ్మడమ్మను మహాదేవునకు, రుద్రమను యాదవకులజుడైన ఎల్లణదేవునకు, రుయ్యమను మంత్రివంశీయుడైన ఇందులూరి అన్నయకు ఇచ్చిరి. ముగ్గురల్లుండ్రు, మూడు వంశములు. కూతుళ్లలో ఒకరిని తన వలెనే పురుషనామముతో సింహాసన మెక్కించినచో తాను పడిన పాట్లన్నియు ఆ బిడ్డ మరల పడవలసివచ్చును. అల్లునికి రాజ్యమిచ్చినచో కాకతి వంశనామము మాసిపోవును, తక్కిన యిద్దరును ఊరకుండరు. ఏమియు చేయకున్నచో, ఆమె కన్ను మూసిన మరునాడే సామంతులు రాజ్యమును పంచుకొందురు. ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని తన కొడుకుగా గైకొనవలెనని ఆమె నిశ్చయించెను.

నేడు మనకు ఇది సులభముగా తోచును. మనుమడు ఇంటివాడేగదా యందుము. ఆనాటి శాస్త్రదృష్టికి ఇందులో రెండు అభ్యంతరములు కలవు. మొదటిది, దత్తు చేకొనునది స్త్రీ, అదియు భర్త లేని స్త్రీ. భర్త అనుజ్ఞ లేక స్త్రీ కొడుకును ఇయ్యరాదు, పుచ్చుకొనరాదు అని వసిష్ఠస్మృతి మాట. భర్త జీవించి యున్నప్పుడు ఇచ్చిన యనుజ్ఞ చాలునా, జ్ఞాతుల సమ్మతి చాలునా, లేక విధవకు ఆ యధికారమే లేదా యని పండితులు తరువాతి కాలమున దేశమునకొక విధముగా తీర్పు చెప్పిరి. మిథిలలో కూడదనిరి. వంగదేశమున భర్త స్పష్టముగా చెప్పియుండవలెననిరి. మహారాష్ట్రమున అక్కరలేదనిరి. రెండవది, కూతురి కొడుకును దత్తు చేకొనరాదను నిషేధము. దౌహిత్రుడు, మేనల్లుడు మొదలగువారి తల్లులను తాను వివాహమాడదగదు గనుక వారిని కొడుకులుగా గైకొనరాదని కొందరు నిబంధనకారుల వాదము. ఈ నిషేధము నాలుగవ వర్ణమువారికి లేదని వారే యొప్పుకొనిరి. కాకతీయులు ఆ వర్ణమువారని కొన్ని శాసనములు చెప్పుచున్నవి. దక్షిణదేశమున బ్రాహ్మణులలో సైతము ఆచారము ఈ నిషేధమును త్రోసివేసినది. మేనరికములు గల నేలపై అట్టి వాదము నిలువదు.

ఆ కాలముననే తిక్కనగారి చలువచే కవియైన కేతన, మితాక్షరను తెలుగున విజ్ఞానేశ్వరీయముగా రచించెను. దత్తత మాట, దాయభాగము మాట తెలుగు మాటాడు గృహస్థులకు తమ భాషలో వినవచ్చిన కాలమది. కనుక ఓరుగంటి కొలువులో ఈ తర్కములు నడువకపోవని మేము నమ్ముదుము. నడిచిన జాడ విద్యానాథుని గ్రంథములో కనబడుచున్నది. ఆయన ప్రతాపరుద్రీయములో చేర్చిన నాటకమున, ఓరుగంటి వేలుపైన స్వయంభూదేవుడు కలలో కనబడి, దౌహిత్రుని కొడుకుగా గైకొని రాజ్యభారము నప్పగింపుమని ఆనతిచ్చినట్లున్నది. తరువాత వచ్చిన ప్రతాపరుద్ర చరిత్రము అట్లు చేయుమని గణపతిదేవుడే కూతురికి చెప్పిపోయెనని వ్రాసినది. ఒకరు దేవుని యాజ్ఞ యనిరి, ఒకరు తండ్రి యాజ్ఞ యనిరి. భర్త యనుజ్ఞ యని ఎవరును అనలేదు. అట్లు చెప్పిన నోరెత్తువారుండరుగదా, అయినను చెప్పలేదు. ఆమె రాజ్యము ఆమె తండ్రిది, ఆమెది. ఆ బిడ్డ ఆమె వంశమునకే కొడుకాయెను గాని నిడదవోలు చాళుక్యులకు కాలేదు.

ఒక తల్లి కన్నబిడ్డను తన తల్లికి అప్పగించుట కూడ చిన్న సంగతి కాదు. ముమ్మడమ్మ మనసు మనకు ఏ శాసనమును చెప్పదు. అయినను దత్తత మాట వచ్చినప్పుడు పుచ్చుకొను తల్లినే పొగడుట లోకమున అలవాటైపోయినది. ఇచ్చు తల్లిని తలచువారు అరుదు.

ఈ చిక్కు రుద్రమతో తీరలేదనుట మన వీరశైవ కుటుంబములకు కిత్తూరు కథ గుర్తుచేయును. 1824 సెప్టెంబరులో కిత్తూరు దేశాయి శివలింగరుద్రసర్జ సంతానము లేక మరణించుచు ఒక బాలుని దత్తు చేకొనెను. ఆతని సవతితల్లి, విధవరాలైన చెన్నమ్మ, ఆ బిడ్డను ఒడిని పెట్టుకొని సంస్థానము నిలుపబూనెను. ధారవాడ కలెక్టరు థాకరే దత్తత చెల్లదనెను. అక్టోబరు 23వ తేదీన కోటవాకిట జరిగిన పోరులో ఆతడు మడిసెను. డిసెంబరులో కోట పడిపోయెను. చెన్నమ్మ బైలహొంగలములో బందీగానే 1829లో లింగైక్యము నొందెను. రుద్రమకు చెల్లిన దత్తత చెన్నమ్మకు చెల్లలేదు. శాస్త్రము మారలేదు, తీర్పరి మారెను.

చెన్నమ్మ పోయిన నలువది యేండ్లకు, 1868లో, రామనాథపురము సంస్థానపు వ్యాజ్యములో లండనులోని ప్రీవీ కౌన్సిలు, భర్త యనుజ్ఞ లేకున్నను సపిండుల సమ్మతితో విధవ దత్తు చేకొనవచ్చునని మదరాసు రాజధానికి తీర్పు చెప్పెను. మన సీమకును అదియే వర్తించెను. జ్ఞాతుల గడప త్రొక్కి చేతులు జోడింపవలసిన యవస్థ మాత్రము పోలేదు. ఆస్తిపై ఆశగల జ్ఞాతి సమ్మతి యిచ్చునా? 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఆ గడపను తీసివేసెను. ఈ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టి చేర్చుకొన్నది. పెండ్లికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, విడాకులు పొందిన స్త్రీ తమంత తాము కొడుకునైనను కూతురినైనను గైకొనవచ్చును. మగబిడ్డను గైకొను స్త్రీ ఆ బిడ్డకంటె ఇరువదియొక్క యేండ్లు పెద్దదై యుండవలెను. బిడ్డను నిజముగా చేతినుండి చేతికి ఇచ్చి పుచ్చుకొనుట ముఖ్యము, దత్తహోమము తప్పనిసరి కాదు. కూతురి కొడుకను నిషేధము అందులో లేదు. తల్లిదండ్రులు లేని, శిశుగృహములలో పెరుగు పిల్లలను గైకొనుటకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము వేరు దారి చూపినది. ఒంటరి స్త్రీ ఆ దారిని ఆడుబిడ్డనైనను మగబిడ్డనైనను పొందవచ్చును. ఒంటరి పురుషునకు మాత్రము ఆడుబిడ్డ నియ్యరు. లింగధారణకు బిడ్డను తెచ్చిన ఒంటరి తల్లిని తండ్రి పేరేమని నిలదీయు జంగమయ్యలు ఈ మాటలు గమనింతురుగాక.

ఓరుగంటికి మరలుదము. దత్తు చేకొన్న పిమ్మట రుద్రమ ఆ బాలుని అంతఃపురమున దాచలేదు. యువరాజును చేసి, తన జీవితకాలముననే రాజ్యకార్యములలో ప్రవేశపెట్టెను. తాను తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చిన విద్యను ఆతనికి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పెను. అంతేగాక పుట్టుకచేత గొప్పవారైన సామంతులపై భారము తగ్గించి, తమ శక్తిచేత పైకివచ్చిన నాయకులను చేరదీసెను. ప్రతాపరుద్రుని కాలమున ఈ పద్ధతి బాగుగా పెరిగెను. కొడుకుకొరకు ఆమె కూడబెట్టిన ఆస్తి బంగారము కాదు, ఈ నాయకులే.

వారిలో నొకడు సేనాపతి మల్లికార్జున నాయకుడు. ఎదిరిపక్షమున కాయస్థ అంబదేవుడు. గంగయసాహిణి కాలమునుండి కాయస్థులు కాకతీయులకు కుడిభుజములు. పానుగల్లు మొదలు కోలారు దిక్కున కైవారము వరకు వారి సీమ వ్యాపించియుండెను. ఇట్టి వంశమున పుట్టిన అంబదేవుడు ఓరుగంటి యాధిపత్యమును త్రోసివేసి, కడప దగ్గర వల్లూరు రాజధానిగా స్వతంత్రుడాయెను. వృద్ధురాలైన రాణి ఆతనిని అణచుటకు సేనతో తానే బయలువెడలెను.

ఆమె మరల ఓరుగల్లు చేరలేదు. నల్లగొండ జిల్లా నకిరేకల్లు దగ్గర చందుపట్ల యను గ్రామమున ఒక చిన్న శాసనము దొరకినది. 1289 నవంబరు 27వ తేదీది. పువ్వుల ముమ్మడి యను బంటు, శివలోకమునకేగిన కాకతి రుద్రమదేవికిని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా అక్కడి సోమనాథదేవునకు భూమి నిచ్చెనని దానిలో కలదు. రాణి మరణవార్తను మనకు తెలిపినది ఒక బంటు వేయించిన రాయి. మరుసటి యేడు త్రిపురాంతకమున అంబదేవుడు తన విజయములను వరుసగా చెక్కించుకొనుచు, మల్లికార్జునపతిని సప్తాంగములు లేనివానిగా చేసితినని చెప్పుకొనెను. రాణి పేరు మాత్రము ఎత్తలేదు. సేనాపతియు రాణియు ఆ పోరుననే కూలిరని చరిత్రకారులు ఈ రెండు శాసనములను కలిపి ఊహించుచున్నారు. ముసలి స్త్రీని చంపితినని చెప్పుకొనుటకు విజేతకును నోరు రాలేదు కాబోలు.

ఇప్పుడు దత్తతకు పరీక్ష వచ్చెను. రాణి యుద్ధభూమిలో పడినది. వైరి గెలిచి యున్నాడు. ముగ్గురు కూతుళ్లకు మూడు పక్షములు లేవవలసిన సమయము. ఒక్క పక్షమును లేవలేదు. ప్రతాపరుద్రుడు ఎదురులేక రాజాయెను. 1291లో త్రిపురాంతకముపైకి ఆతడు పంపిన సేనకు నాయకులు కొలని మనుమగన్నయ, ఇందులూరి అన్నయ. అన్నయ రుయ్యమ మగడు. దత్తత లేకున్నచో సింహాసనమునకు తానును తగుదునని అనదగినవాడు. ఆతడు కత్తి పట్టినది ఆ దత్తపుత్రుని కొరకు. ఓడిన అంబదేవుడు ములికినాటికి తొలగెను. కొన్నియేండ్లకు కాయస్థుల సీమ యంతయు కాకతీయ నాయకుల చేతికి వచ్చెను. ప్రతాపరుద్రుడు అడవులు కొట్టించి, చెరువులు త్రవ్వించి, ఊళ్లు కట్టించెనని రాయలసీమ కైఫీయతులు నేటికిని చెప్పుచున్నవి.

ఓరుగంటి స్వయంభూదేవుని గుడిలో జనులు గుమిగూడి బసవపురాణము వినుచుండగా ప్రతాపరుద్రుడు చూచెనని పిడపర్తి సోమనాథుడు చెప్పిన కథ మనవారికి ప్రియమైనది. ఆ ప్రతాపరుద్రుడు రుద్రమ కొడుకా, లేక ఆ పేరుగల పూర్వపు రాజా యను వాదము పండితులలో తెగలేదు. రుద్రమ కొడుకే యైనచో, శివునికి తల్లియైన బెజ్జ మహాదేవి కథను ఆ పురాణమున ఆతడు వినియుండవచ్చునని తలచుటకు మాకు ముచ్చటగా నుండును. చరిత్రగా మాత్రము దీనిని చెప్పము.

ఆతడు ముప్పదినాలుగేండ్లు ఏలెను. ఢిల్లీ సేనలను పలుమారులు ఎదిర్చి, 1323లో ఓరుగల్లు పడిపోగా బందీయై, ఢిల్లీకి గొనిపోబడుచు నర్మదాతీరమున ప్రాణము విడిచెను. రాజ్యము ఆతనితో ముగిసెను.

మన మెట్టసీమకు దగ్గరలోనే ఆతని కాలపు రాయి యొకటి కలదు. 1294లో గోన గన్నయరెడ్డి క్రింది సేనాని విఠలనాథుడు ఆదోని, తుంబళము మొదలగు కోటలను గెలిచి, రాయచూరున కోట కట్టించెను. నలువది అడుగులకు మించిన యొక్క బండపై ఆ సంగతి చెక్కించి గోడలో నిలిపెను. అంత రాయిని బండిపై కెత్తి లాగుకొనివచ్చిన బొమ్మయు ఆ గోడమీదనే చెక్కబడియున్నది. అప్పటికి రుద్రమదేవి పోయి అయిదేండ్లు. గుంతకల్లునుండి రైలెక్కి ఆదోని మీదుగా రాయచూరు పోవువారు స్టేషనులో దిగి కొంత దూరము నడచినచో దానిని చూడవచ్చును.